గేజ్ చూస్తే గాలి ఎంతుందో తెలుస్తుంది.. మరి ఎలా ఉందో? అనకాపల్లి జిల్లా అడగాల్సిన ప్రశ్న ఇది

బీచ్‌లో ఎవరైనా గల్లంతైతే టీవీ స్క్రోలింగ్‌లో ఒక లైన్ తప్పకుండా కనిపిస్తుంది: ‘ఆక్సిజన్ సిలిండర్లతో రంగంలోకి దిగిన గజ ఈతగాళ్లు’. ఫార్మా కంపెనీలో గ్యాస్ లీకైనా దాదాపు అదే లైన్. ‘ఆక్సిజన్ సిలిండర్లు ధరించి లోపలికి వెళ్లిన ఫైర్ సిబ్బంది’ అని వేస్తాం. నిజం చెప్పాలంటే మా డెస్క్‌లో కూడా హడావుడిలో అలాగే రాసేస్తాం.

కానీ ఆ లైన్‌లో ఒక తప్పుంది. ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు. మీరూ నేనూ ఇప్పుడు పీల్చుతున్న మామూలు గాలే. దాన్నే శుభ్రం చేసి, ఆరబెట్టి, 200 నుంచి 300 రెట్ల ఒత్తిడికి కుక్కి నింపుతారు.

ఇదేదో మాటల దగ్గర పట్టింపు అనుకోవద్దు. ‘ఆక్సిజన్’ అనగానే అది ఏదో ప్లాంటులో తయారై, స్వచ్ఛంగా సీల్ వేసి వస్తుందనుకుంటాం. గాలి అలా రాదు. కంప్రెసర్ ఎక్కడ పెడితే అక్కడి గాలినే లాక్కుంటుంది. పక్కన డీజిల్ జనరేటర్ నడుస్తుంటే ఆ పొగ కూడా సిలిండర్‌లోకి వెళ్తుంది. సిలిండర్ మీదున్న గేజ్ గాలి ఎంతుందో చెబుతుంది. అది పీల్చదగ్గదో కాదో చెప్పదు.

ఒకవైపు సముద్ర తీరం, మరోవైపు రసాయన పరిశ్రమలు ఉన్న అనకాపల్లి జిల్లాకు ఈ తేడా చాలా ముఖ్యం. ఎందుకో చూద్దాం.

అనకాపల్లికే ఎందుకు?

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ నుంచి విడిపోయి అనకాపల్లి జిల్లా ఏర్పడింది. అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మా సిటీ, పూడిమడక, ముత్యాలమ్మపాలెం, తంతడి బీచ్‌లు, రాంబిల్లి దగ్గర నేవీ స్థావరం.. అన్నీ ఈ జిల్లాలోనే ఉన్నాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం.

2022 జూన్ 3న అచ్యుతాపురం బ్రాండిక్స్ ప్రాంగణంలో ఘాటైన వాయువు పీల్చి పెద్ద సంఖ్యలో మహిళా కార్మికులు అస్వస్థతకు గురయ్యారు. రెండు నెలలు తిరగకుండానే, ఆగస్టు 2న మళ్లీ అదే పరిస్థితి.

ఆ రెండు ఘటనల మధ్యే, 2022 జూలై 29న, అనకాపల్లిలో పరీక్ష రాసి పూడిమడక బీచ్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులను అలలు లాక్కెళ్లాయి. ఆరుగురు చనిపోయారు. నేవీ, కోస్ట్‌గార్డ్ రంగంలోకి దిగి వెతకాల్సి వచ్చింది.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మాలో సాల్వెంట్ ఆవిరి లీకై పేలుడు జరిగింది. 17 మంది ప్రాణాలు పోయాయి. అదే ఏడాది నవంబర్‌లో పరవాడలోని మరో యూనిట్లో విషవాయువు లీకై కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. 2025 జూన్‌లో పరవాడలోనే ఇంకో ఫార్మా యూనిట్లో, వ్యర్థ జలాల శుద్ధి విభాగం దగ్గర విషవాయువు పీల్చి ఇద్దరు చనిపోయారు.

ఇవి ఒక్కోటీ ఒక్కో రకం ప్రమాదం. కారణాలు వేరు. కానీ వీటన్నింటిలోనూ ఒక ఘట్టం ఉంటుంది: లోపలున్న వాళ్ల కోసం ఇంకొకరు వెళ్లాలి. నీళ్లలోకైనా, విషవాయువులోకైనా. ఆ వెళ్లే మనిషికి బయటి గాలి అందదు. వీపు మీదున్న సిలిండర్ ఒక్కటే దిక్కు. ఆ సిలిండర్‌ని ఎవరు నింపారు, ఏ కంప్రెసర్‌తో నింపారు, ఆ గాలిని ఎప్పుడు పరీక్షించారు? ప్రమాదం తర్వాత వచ్చే వార్తల్లో ఈ ప్రశ్న ఎప్పుడూ వినపడదు.

అసలు సిలిండర్‌లో ఏముంటుంది?

డైవర్లు వాడే మామూలు సిలిండర్ 12 లీటర్లది. 200 బార్ ఒత్తిడికి నింపితే అందులో సుమారు 2,400 లీటర్ల గాలి పడుతుంది. మనిషి నెమ్మదిగా పీలిస్తే నిమిషానికి 20 లీటర్లు అనుకుందాం. ఒడ్డున కూర్చుంటే రెండు గంటలు వస్తుంది. అదే 20 మీటర్ల లోతులో నీటి ఒత్తిడి మూడు రెట్లు ఉంటుంది కాబట్టి ఒక్కో శ్వాసకు మూడు రెట్ల గాలి ఖర్చవుతుంది. రెండు గంటలు కాస్తా 40 నిమిషాలు అవుతుంది. పైకి రావడానికి కొంత మిగుల్చుకోవాలి కాబట్టి అసలు పనికి దొరికేది ఇంకా తక్కువ.

ఫ్యాక్టరీల్లో, ఫైర్ సిబ్బంది దగ్గర ఉండే సెట్లు వేరు. వాటిని బీఏ సెట్లు అంటారు. ఎక్కువగా 6.8 లీటర్ల కార్బన్ ఫైబర్ సిలిండర్, 300 బార్. దాదాపు 2,000 లీటర్ల గాలి. పేరుకి ‘45 నిమిషాల సెట్’. కానీ మనిషిని భుజాన వేసుకుని మెట్లెక్కే వాడికి అది 45 నిమిషాలు రాదు. 50, 55 బార్ దగ్గర విజిల్ మోగడం మొదలవుతుంది. ఆ లోపే బయటపడాలి.

మరి స్వచ్ఛమైన ఆక్సిజనే నింపొచ్చు కదా అని అడగొచ్చు. నీళ్లలో అది ప్రాణాంతకం. సుమారు 6 మీటర్ల లోతు దాటితే స్వచ్ఛమైన ఆక్సిజన్ నరాల మీద పనిచేసి ఫిట్స్ తెప్పించే ప్రమాదం ఉంది. నీళ్లలో ఫిట్స్ వస్తే నోట్లోని పైపు జారిపోతుంది. ఇక మంటల దగ్గర ఆక్సిజన్ సంగతి చెప్పక్కర్లేదు. కోవిడ్ రోజుల్లో మనమంతా వెతికిన ఆస్పత్రి ఆక్సిజన్ సిలిండర్, నల్ల ఒళ్లు, తెల్ల భుజం ఉన్నది, డైవర్ పనికి అస్సలు పనికిరాదు.

5 పీపీఎం అంటే చిన్న సంఖ్యే.. కానీ లోతుకెళ్తే?

పీల్చే గాలి ఎంత శుభ్రంగా ఉండాలన్నదానికి ప్రపంచంలో ఎక్కువగా వాడే కొలమానాలు రెండున్నాయి. యూరప్‌ది ఈఎన్ 12021. అమెరికాలో గ్రేడ్ ఈ అంటారు.

యూరప్ ప్రమాణం ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ 5 పీపీఎం దాటకూడదు. అంటే పది లక్షల పాళ్లలో ఐదు. కార్బన్ డయాక్సైడ్ 500 పీపీఎం లోపు, నూనె ఘనపు మీటరుకి అర మిల్లీగ్రాము లోపు ఉండాలి. ఆక్సిజన్ 20 నుంచి 22 శాతం మధ్యలో ఉండాలి. వాసన అస్సలు ఉండకూడదు. అమెరికా గ్రేడ్ ఈ కొంచెం వదులు: మోనాక్సైడ్ 10 పీపీఎం వరకు, డయాక్సైడ్ 1,000 వరకు ఒప్పుకుంటుంది.

ఇంత కచ్చితంగా ఎందుకు? అసలు సమస్య కార్బన్ మోనాక్సైడ్‌తో. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కుంటే సగం వదలడానికి మామూలు గాలిలో నాలుగైదు గంటలు పడుతుంది. ఆస్పత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నర.

నీళ్లలో అది ఇంకా మోసం చేస్తుంది. 30 మీటర్ల లోతులో ఒత్తిడి నాలుగు రెట్లు. సిలిండర్‌లో 20 పీపీఎం మోనాక్సైడ్ ఉంటే అక్కడ ఊపిరితిత్తులకి అది 80 పీపీఎం లెక్క. అదే లోతులో ఆక్సిజన్ ఒత్తిడి కూడా నాలుగు రెట్లు ఉంటుంది కాబట్టి డైవర్‌కి వెంటనే తేడా తెలియకపోవచ్చు. పైకి వస్తున్నకొద్దీ ఆక్సిజన్ ఒత్తిడి పడిపోతుంది, మోనాక్సైడ్ మాత్రం రక్తాన్ని పట్టుకునే ఉంటుంది. తలనొప్పి, వాంతి, స్పృహ తప్పడం సరిగ్గా పైకి వచ్చే దారిలో మొదలవుతాయి. ఒడ్డున చూసేవాళ్లు ‘అలసిపోయాడు’, ‘నీళ్లు మింగేశాడు’ అనుకుంటారు.

బీఏ సెట్ వేసుకున్న ఫైర్ సిబ్బందికి ఈ లోతు గొడవ లేదు. కానీ వాళ్లు పరుగులు పెడుతూ నిమిషానికి రెండు రెట్లు, అంతకంటే ఎక్కువ గాలి లాగుతారు. మాస్క్ ముఖానికి బిగిసి ఉంటుంది. గాలి చెడ్డదని అనుమానం వచ్చినా మాస్క్ తీసే వీల్లేదు. తీస్తే బయట ఇంకా పెద్ద విషం.

గాలి ఎలా పాడవుతుంది?

ఒకటి, పీల్చుకునే చోటు. కంప్రెసర్ ఇంజిన్ డీజిల్‌ది అయితే దాని పొగ గొట్టం, గాలి లాక్కునే పైపు పక్కపక్కనే ఉండకూడదు. గాలి వీచే దిక్కు మారితే నిన్నటిదాకా బాగున్న ఏర్పాటే ఇవాళ పొగ లాక్కోవచ్చు.

రెండు, కంప్రెసర్ నూనె. గాలిని మూడు నాలుగు దశల్లో నొక్కేటప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది. చల్లబరిచే ఏర్పాటు సరిగా లేకపోతే, నూనె పాతదైతే, ఆ నూనే లోపల మాడుతుంది. అప్పుడు బయటి గాలి శుభ్రంగా ఉన్నా కంప్రెసర్ తనంతట తానే మోనాక్సైడ్ తయారుచేస్తుంది.

మూడు, తేమ. మన తీరంలో మే నెలలో చొక్కా ఎలా తడిసిపోతుందో తెలుసు కదా. ఆ తేమంతా కంప్రెసర్‌లోకి వెళ్తుంది. దశ దశకీ నీళ్లు వదిలేయాలి. మిగిలిన తేమను ఫిల్టర్‌లోని మాలిక్యులర్ సీవ్ పీల్చుకుంటుంది. ఆ తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ నూనె ఆవిరిని, వాసనను పట్టుకుంటుంది. మోనాక్సైడ్ కోసం హాప్‌కలైట్ అనే పదార్థం పెడతారు. మాంగనీస్, రాగి ఆక్సైడ్ల మిశ్రమం ఇది. మోనాక్సైడ్‌ని డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. కానీ ఒక షరతు ఉంది. హాప్‌కలైట్ తడిస్తే పనిచేయదు. అంటే తేమ తీసే ఫిల్టర్ అయిపోయిందంటే, మోనాక్సైడ్ నుంచి కాపాడేది కూడా అయిపోయినట్టే.

ఇక్కడే మన వాతావరణం లెక్కలోకి వస్తుంది. ఫిల్టర్ ఇన్ని గంటలు పనిచేస్తుందని కంపెనీ పుస్తకంలో రాసేది సాధారణంగా 20 డిగ్రీల వేడికి. 40 డిగ్రీల దగ్గర ఆ ఆయుష్షు సగం కూడా ఉండదు. చల్లని దేశం లెక్కతో ఫిల్టర్ మార్చే కంప్రెసర్ పూడిమడక ఎండలో సగం రోజులు ఫిల్టర్ లేనట్టే నడుస్తుంది. గేజ్ మాత్రం ఎప్పటిలాగే 200 చూపిస్తుంది.

నాలుగు, నిల్వ. స్టీల్ సిలిండర్‌లోకి తడి గాలి వెళ్తే లోపల తుప్పు పడుతుంది. తుప్పు అంటే ఇనుము ఆక్సిజన్‌ని తినడమే. నెలలు, ఏళ్లు కదలకుండా గోడకి వేలాడే సిలిండర్‌లో ఆక్సిజన్ శాతం తగ్గిపోయే ప్రమాదం ఉంది. ఒత్తిడి పెద్దగా మారదు కాబట్టి గేజ్ నిండుగానే కనిపిస్తుంది. ప్రమాదం కోసమే దాచిపెట్టి, ప్రమాదం రాలేదు కదా అని ముట్టుకోని సెట్లకు ఈ ముప్పు ఎక్కువ.

టైరు షాపులో కొట్టించుకుంటే ఏమవుతుంది?

నవ్వుకోకండి, చాలామంది అడిగే ప్రశ్నే ఇది. పంక్చర్ షాపు కంప్రెసర్ పది బార్ దగ్గర ఆగిపోతుంది. సిలిండర్‌కి కావాల్సింది 200. ఒకవేళ ఒత్తిడి సరిపోయినా, పెయింట్ కొట్టడానికి, టైర్లకి వాడే కంప్రెసర్‌లో నూనె ఆవిరికి, మోనాక్సైడ్‌కి అడ్డుకట్ట ఉండదు. టైరుకి తలనొప్పి రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఇంకో తప్పు ఫ్యాక్టరీల్లో జరిగే అవకాశం ఉంది. ఫార్మా యూనిట్లలో మంటలు అంటుకోకుండా రియాక్టర్లకి నైట్రోజన్ లైన్లు ఉంటాయి. పైపు ద్వారా మాస్క్‌కి గాలి ఇచ్చే ఏర్పాటు ఉన్న చోట, కనెక్షన్ పొరపాటున నైట్రోజన్‌కి తగిలిస్తే వాసన రాదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. కొన్ని శ్వాసలకే మనిషి కూలిపోతాడు. అందుకే గాలి లైన్‌కి, నైట్రోజన్ లైన్‌కి ఒకదానికొకటి సరిపోని కప్లింగ్‌లు ఉండాలంటారు. రంగు, స్టిక్కర్ సరిపోవు. కంగారులో ఎవరూ స్టిక్కర్ చదవరు.

అసలు పరీక్ష రెండో గంటలో

ఒక లెక్క వేద్దాం. సెజ్‌లో ఒక యూనిట్లో గ్యాస్ లీకైంది. దగ్గర్లో పది బీఏ సెట్లు ఉన్నాయి. ఇద్దరిద్దరు చొప్పున లోపలికి వెళ్తారు, బయట ఇద్దరు సిద్ధంగా ఉంటారు. ఒక్కో జట్టుకి లోపల దొరికేది అరగంట. గంట తిరిగేసరికి పది సిలిండర్లలో చాలావరకు ఖాళీ. లోపల ఇంకా మనుషులున్నారు. ఇప్పుడు రెండో గంటకి గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

సిలిండర్లను బండిలో వేసి విశాఖ పంపి నింపించి తెప్పిస్తే రెండో గంట దారిలోనే అయిపోతుంది. అలా కాదని అక్కడే ఫైరింజన్ పక్కన కంప్రెసర్ పెట్టి నింపితే? అది లాక్కునేది ఆ ప్రాంగణంలోని గాలినే. డీజిల్ ఇంజిన్ల పొగ, లీకైన రసాయనం ఆవిరి అన్నీ అందులో ఉంటాయి. ఏ గ్యాస్ నుంచి తప్పించుకోవడానికి మాస్క్ పెట్టుకున్నాడో, అదే గ్యాస్‌ని 300 రెట్లు కుక్కి వీపుకి కట్టినట్టవుతుంది.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. క్యాస్కేడ్ అంటారు. పెద్ద పెద్ద సిలిండర్లను వరసగా కలిపి, శుభ్రమైన చోట తీరిగ్గా నింపి, గాలిని పరీక్ష చేసి, వాహనం మీద సిద్ధంగా ఉంచుతారు. ప్రమాద స్థలంలో కంప్రెసర్ నడపాల్సిన పనే లేదు. పెద్ద సిలిండర్ నుంచి చిన్న సిలిండర్‌లోకి కొన్ని నిమిషాల్లో గాలి మారుతుంది. అచ్యుతాపురం, పరవాడ లాంటి చోట ఇది ఒక్క కంపెనీ కొనాల్సిన వస్తువు కాదు. అందరూ కలిసి ఒకటి పెట్టుకున్నా సరిపోతుంది.

నేవీ పక్కనే ఉంది కదా?

ఉంది. అందులో అనుమానం లేదు. 2025 జూలై 18న విశాఖలో ఐఎన్‌ఎస్ నిస్తార్ నౌకాదళంలో చేరింది. హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన 118 మీటర్ల డైవింగ్ సపోర్ట్ నౌక అది. 300 మీటర్ల లోతు వరకు డైవర్లను దింపగలదు. అంత లోతులో మామూలు గాలి పనికిరాదు, హీలియం కలిపిన మిశ్రమం పీల్చాలి. ఆ మిశ్రమాన్ని తయారుచేసి, ప్రతి దశలో కొలిచే ఏర్పాట్లు నౌకలోనే ఉంటాయి. శ్వాస గాలి విషయంలో పట్టింపు ఎలా ఉండాలో నేర్చుకోవాలంటే మనం ఎక్కడికో వెళ్లక్కర్లేదన్నమాట.

కానీ ప్రతిసారీ నేవీ కోసం చూడలేం. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది గుర్తుందా? దాన్ని చివరికి బయటకు తీసింది ప్రైవేటు వ్యక్తులే. ధర్మాడి సత్యం బృందం, వాళ్లతో పాటు విశాఖ నుంచి వెళ్లిన డైవర్లు. అక్టోబర్ 22న బోటు పైకి వచ్చింది. డైవర్లు బురద నీళ్లలోకి దిగి తాడు కడితేనే అది సాధ్యమైంది. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కున్న బోట్లను తీయడానికీ డైవర్లు నీళ్లలోకి దిగాల్సి వచ్చింది.

అంటే రాష్ట్రంలో పెద్ద ఆపద వచ్చినప్పుడల్లా ప్రభుత్వం పిలిచేది ఇలాంటి చిన్న బృందాలనే. వాళ్ల ధైర్యం గురించి మనం వార్తలు వేస్తాం, సన్మానాలు చేస్తాం. వాళ్ల సిలిండర్‌లో గాలి ఎవరు పరీక్షించారని మాత్రం అడగం. మన బీచ్‌లలో అయితే చాలాసార్లు ముందు దూకేది ఏ సెట్టూ లేని మత్స్యకారులే.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

సిలిండర్ అనే లోహపు డబ్బాకి మన దగ్గర గట్టి రూల్సే ఉన్నాయి. 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం పెసో అనే కేంద్ర సంస్థ ఆమోదించిన సిలిండర్లే వాడాలి, లైసెన్సు ఉన్నవాళ్లే నింపాలి, గడువు ప్రకారం నీటి ఒత్తిడి పరీక్ష చేయించి తేదీ పంచ్ కొట్టాలి. వంటింట్లో గ్యాస్ బండ మీద ఏ, బీ, సీ, డీ అని అక్షరం, పక్కన సంవత్సరం ఉంటుంది కదా, ఇదీ ఆ కుటుంబంలోదే.

అయితే ఈ పరీక్ష చెప్పేది ఒక్కటే: సిలిండర్ పేలదని. లోపలి గాలి మంచిదని కాదు. చాలామంది ‘టెస్ట్ అయిన సిలిండర్’ అనగానే రెండూ అనుకుంటారు. గొడవంతా అక్కడే.

ఫ్యాక్టరీల వైపు చూస్తే, 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. ప్రమాదకర వాయువు ఉండే ట్యాంకు, గొయ్యి, పైపులోకి మనిషిని పంపాలంటే అక్కడ ప్రమాదం లేదని అర్హుడైన వ్యక్తి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదంటే మనిషి తగిన శ్వాస పరికరం వేసుకుని, నడుముకి తాడు కట్టుకుని, ఆ తాడు చివర బయట ఒకరు పట్టుకుని ఉండాలి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. చట్టం పేరు మారొచ్చు, ట్యాంకులోని గ్యాస్ మారదు కదా. ఆ ‘తగిన’ అనే మాటలోనే లోపలి గాలి నాణ్యత కూడా ఉండాలి. తనిఖీకి వెళ్లిన అధికారి సెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఊరుకుంటే సగం పనే అయినట్టు.

అమెరికాలో ఫైర్ సిబ్బంది గాలికి ఉన్న ప్రమాణం మూడు నెలలకోసారైనా శాంపిల్ తీసి ల్యాబ్‌లో పరీక్షించమంటుంది. ఆ కాగితం ఫైల్లో ఉంటుంది, ఎవరడిగినా చూపిస్తారు. ఇంత సులభమైన పని ఇది.

ఖర్చు ఎక్కువ కాదా?

ఈ అభ్యంతరం న్యాయమైనదే. మంచి హైప్రెజర్ కంప్రెసర్ లక్షల్లో ఉంటుంది. ఫిల్టర్లు మాటిమాటికీ మార్చాలి. సీజన్‌లో నాలుగు నెలలు నడిచే డైవింగ్ సెంటర్‌కి, చిన్న యూనిట్‌కి ఇది బరువే. అందుకే ఎవరికి వాళ్లు కొనుక్కోవాలని పట్టుబట్టడం కంటే, జిల్లాలో ఒకటి రెండు ఉమ్మడి ఫిల్లింగ్ కేంద్రాలు ఉండటం మేలు. ఫైర్ స్టేషన్, పరిశ్రమలు, బీచ్ రెస్క్యూ బృందాలు, డైవింగ్ నిర్వాహకులు అందరూ అక్కడే నింపుకోవచ్చు. ఒకే చోట పరీక్ష, ఒకే రిజిస్టర్. కంప్రెసర్ రోజూ నడిస్తే దాని ఆరోగ్యమూ బాగుంటుంది.

పరీక్ష ఖర్చు మాత్రం సాకు కాదు. గాజు గొట్టంలో గాలి పంపి రంగు మారడం చూసే కిట్‌తో మోనాక్సైడ్, డయాక్సైడ్, నూనె, తేమ నాలుగూ కొన్ని నిమిషాల్లో తేలిపోతాయి. చేతిలో పట్టే మోనాక్సైడ్ మీటర్ ధర ఒక మంచి స్మార్ట్‌ఫోన్ కంటే ఎక్కువేం కాదు.

ఇప్పుడు చేయాల్సిందేంటి?

మొదటిది ఒక చీటీ. నింపిన ప్రతి సిలిండర్ మెడకి ఒక ట్యాగ్ కట్టాలి. నింపిన తేదీ, ఒత్తిడి, ఏ కంప్రెసర్, ఆ కంప్రెసర్ గాలిని చివరిసారి పరీక్షించిన తేదీ. నాలుగు గడులు. ట్యాగ్ లేని సిలిండర్ వాడకూడదు.

రెండోది, ఫిల్టర్ మార్చే గడువును మన ఎండ, మన తేమ ప్రకారం లెక్కగట్టాలి.

మూడోది, వాడకుండా పడి ఉన్న సిలిండర్లను గడువు ప్రకారం ఖాళీ చేసి మళ్లీ నింపాలి. ‘నిండుగానే ఉంది కదా’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

నాలుగోది, మాక్ డ్రిల్. ఇప్పుడు డ్రిల్ అంటే సైరన్ మోగించడం, స్ట్రెచర్ మీద ఒకర్ని మోసుకెళ్లడం, ఫొటోలు. డ్రిల్‌ని రెండో గంటలోకి లాగాలి. సిలిండర్లు ఖాళీ అయ్యాక ఏం చేస్తారో చూడాలి. ఎక్కడ నింపుతారు, ఎంతసేపు పడుతుంది, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది? ఆ రోజే లోపం బయటపడితే అంతకంటే మంచి డ్రిల్ లేదు.

మీరు డైవింగ్‌కి వెళ్తుంటే..

రుషికొండలోనో, గోవాలోనో, అండమాన్‌లోనో సరదాగా స్కూబా చేద్దామనుకునే వాళ్లు కూడా కొన్ని అడగొచ్చు. మొహమాటం వద్దు, డబ్బులు ఇస్తున్నది మీరే.

సిలిండర్ భుజం మీద టెస్ట్ తేదీ చూపించమనండి. గాలి చివరిసారి ఎప్పుడు పరీక్షించారో అడగండి. కంప్రెసర్ ఎక్కడుందో చూడండి, జనరేటర్ పక్కనే ఉంటే ఆలోచించుకోండి. నీళ్లలోకి దిగకముందే వాల్వ్ కొద్దిగా తెరిపించి వాసన చూడండి. నూనె వాసన, పొగ వాసన, మాడు వాసన ఏది వచ్చినా ఆ సిలిండర్ వద్దనండి. తెల్ల టిష్యూ మీదకి గాలి వదిలితే మరక పడినా అంతే. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి: వాసన రాలేదంటే మోనాక్సైడ్ లేదని కాదు. అది మీటర్‌కి మాత్రమే తెలుస్తుంది. లోపల తల బరువెక్కినా, వికారంగా అనిపించినా వెంటనే గైడ్‌కి సైగ చేసి నెమ్మదిగా పైకి రండి. ఆ సిలిండర్‌లోని మిగతా గాలి వదిలేయనివ్వకండి. కారణం తెలియాలంటే సాక్ష్యం అదొక్కటే.

పూడిమడకలో వెతికిన వాళ్లు, పరవాడలో లోపలికి వెళ్లిన వాళ్లు ఎవరూ ‘ఈ గాలి మంచిదేనా’ అని అడిగేంత తీరిక ఉన్నవాళ్లు కాదు. ముందు దూకారు. అలా దూకేవాళ్ల తరఫున ఆ ప్రశ్న ముందే అడిగి, జవాబు కాగితం మీద పెట్టాల్సిన బాధ్యత యాజమాన్యాలది, జిల్లా యంత్రాంగానిది. ఇకపై ‘ఆక్సిజన్ సిలిండర్’ అని రాసే ముందు ఒక్క క్షణం ఆగాల్సిన బాధ్యత మాది కూడా.